క్వాలిఫయర్ పట్టిక చదవడం, 4వ పాఠం: గోల్ తేడా దాకా పరుగెత్తకండి

కొత్త సంగతి మొదలుపెట్టే ముందు పోయిన పాఠం గొడవ తేల్చుకుందాం.

పోయినసారి చివర్లో ఒక చిన్న లెక్క ఇచ్చాను. 2025 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో జరిగిన ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) అండర్-17 ఆసియా కప్ క్వాలిఫయర్స్, గ్రూప్ డి. ఇండియా, ఇరాన్ రెండూ 7 పాయింట్లతో ముగించాయి. గ్రూపులో మొదటి జట్టుకే ఆసియా కప్ బెర్తు. ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అని అడిగాను. ఎవరు అన్నదానికి అందరూ ‘ఇండియా’ అనే రాశారు, పేపర్లో చూసే ఉంటారు. ఎందుకు అన్న దగ్గరే బోల్తా పడ్డారు. ‘మన గోల్ తేడా మెరుగ్గా ఉండి ఉంటుంది’ అన్నది ఎక్కువమంది జవాబు. ఒకాయన ఎక్సెల్ షీటు వేసి, అయిదు జట్ల గోల్స్ అన్నీ రంగులతో నింపి పంపారు. పాపం, రాత్రి చాలాసేపు కూర్చున్నట్టున్నారు. ఆ షీటు మొత్తంలో జవాబుకు పనికొచ్చేది ఒక్క గడి. ఇంకొకావిడ ‘మాస్టారూ, ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ లాంటిదే కదా ఇది’ అని అడిగారు. జబ్బు ఎక్కడినుంచి అంటుకుందో అప్పుడు తెలిసింది.

తప్పు కొంత నాదే. 3వ పాఠంలో గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) ఎలా తీయాలో చెప్పాను గానీ, దాన్ని ఎప్పుడు తీయాలో చెప్పలేదు. చేతిలో కత్తెర పెడితే కనిపించిన గుడ్డల్లా కత్తిరించారు.

ఆ గ్రూపును మళ్లీ తీద్దాం. ఇండియా ఆడిన నాలుగు మ్యాచ్‌లు ఇవి: 22న పాలస్తీనాతో 1-1, 26న చైనీస్ తైపీపై 3-1, 28న లెబనాన్ చేతిలో 0-2, 30న ఇరాన్‌పై 2-1. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1, ఓటమికి 0, అది 1వ పాఠంలోనే అయిపోయింది. కొట్టినవి 6, ఇచ్చినవి 5, తేడా +1. మామూలు తేడా. ఇరాన్ తేడా ఎంత? చెప్పను. మీరూ చూడొద్దు. అది చూడకుండానే జవాబు వస్తుంది, ఈ పాఠమంతా అందుకే.

ఏఎఫ్‌సీ టోర్నీల్లో రెండు జట్లకు పాయింట్లు సమానమైతే మొదట చూసేది ఆ రెండూ ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్. ముఖాముఖి. 30వ తేదీ రాత్రి ఇరాన్ ముందు గోల్ కొట్టింది. విరామానికి ముందు దల్లాల్‌మువాన్ గాంగ్టే పెనాల్టీతో సమం చేశాడు, విరామం అయ్యాక కాసేపటికే గున్‌లైబా వాంగ్‌ఖైరక్‌పమ్ రెండోది కొట్టాడు. 2-1. ముఖాముఖిలో ఇండియాకు 3, ఇరాన్‌కు 0. లెక్క అక్కడితో సరి. మిగతా మ్యాచ్‌ల్లో ఇరాన్ ఎన్ని గోల్స్ కొట్టి ఉన్నా ఒకటే. ఎక్సెల్‌లో పనికొచ్చే ఆ ఒక్క గడి ఇదే.

నా అలవాటు చెబుతాను. పాయింట్ల పట్టిక చూసేటప్పుడు ‘తేడా’ అని రాసి ఉన్న గడుల మీద అరచెయ్యి పెట్టేస్తాను. నిజంగానే. ఫోన్‌లో అయితే బొటనవేలు. కంటికి కనిపిస్తే మనసు అటే పోతుంది. పాయింట్లు మాత్రం చూసి, సమానమైన జట్ల పేర్లు కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుని, ఆ తర్వాతే పాత ఫలితాల దగ్గరకు వెళతాను. పెన్నుతో రాయకండి. ఎందుకో మూడు జట్ల దగ్గర తెలుస్తుంది.

ఈ గోల్ తేడా మోజు మనకు ఊరికే రాలేదు. 2018, 2022 ప్రపంచకప్‌లలో ఫిఫా ముందు గోల్ తేడానే చూసింది. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లోనూ అంతే. ఐపీఎల్ సంగతి ఆవిడే చెప్పారు. వాటిని చూసి పెరిగిన కన్ను ఇక్కడా అదే వెతుకుతుంది. నన్నడిగితే పిల్లల క్వాలిఫయర్స్‌కు ముఖాముఖే న్యాయం. ఈ గ్రూపుల్లో జట్ల మధ్య అంతరం ఎంత ఉంటుందంటే, 2024 అక్టోబర్‌లో థాయ్‌లాండ్‌లోని చోన్‌బురిలో మన అండర్-17 కుర్రాళ్లు బ్రూనైని 13-0తో కొట్టారు. పదమూడు! తర్వాత తుర్క్‌మెనిస్తాన్‌పై 1-0. చివరి మ్యాచ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్ చేతిలో 2-3తో ఓడారు, గ్రూప్ అగ్రస్థానం థాయ్‌లాండ్‌కు పోయింది. బలహీనమైన జట్టు మీద వేసిన పదమూడు గోల్స్, అసలు పోటీదారు మీద తగ్గిన ఒక్క గోల్‌ను పూడ్చలేకపోయాయి. బాధగానే ఉంటుంది గానీ, అలాగే ఉండాలి కూడా.

మరి గోల్ తేడాకు అసలు వంతే రాదా? వస్తుంది. ముఖాముఖి డ్రా అయితే వస్తుంది. 2025 అక్టోబర్‌లో బిష్కెక్‌లో మన అమ్మాయిల అండర్-17 జట్టు ఆడిన గ్రూపులో మూడే జట్లు. కిర్గిజ్‌స్తాన్‌పై ఇండియా 2-1తో గెలిచింది. ఉజ్బెకిస్థాన్ కూడా ఆ జట్టునే ఇంకా పెద్ద తేడాతో ఓడించింది. ఇక మిగిలింది ఇండియా, ఉజ్బెకిస్థాన్ మ్యాచ్. అది డ్రా అయితే పాయింట్లు సమానం, ముఖాముఖి కూడా సమానం. అప్పుడు మొత్తం గోల్ తేడా తలుపు తెరుచుకుంటుంది, దాంతో ఉజ్బెకిస్థాన్ ముందుకెళ్లిపోతుంది. అంటే వాళ్లకు డ్రా చాలు, మనకు గెలుపే కావాలి. విరామానికి 0-1 వెనకబడి కూడా మన అమ్మాయిలు రెండు కొట్టి 2-1తో గెలిచారు. మ్యాచ్ మొదలవకముందే ‘డ్రా ఎవరికి చాలు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే మీకు పట్టిక చదవడం వచ్చినట్టే. కామెంటేటర్ చెప్పేదాకా ఆగే పని ఉండదు.

వరస మొత్తం ఒక్కసారి చెప్పేస్తాను, బట్టీ పట్టండి. సమానమైన జట్ల మధ్య మ్యాచ్‌ల్లో పాయింట్లు. ఆ మ్యాచ్‌ల్లోనే గోల్ తేడా. ఆ మ్యాచ్‌ల్లోనే కొట్టిన గోల్స్. ఇవి మూడూ తేల్చకపోతే గ్రూప్ మొత్తం గోల్ తేడా, తర్వాత గ్రూప్ మొత్తం గోల్స్. అప్పటికీ రెండు జట్లే మిగిలి, వాళ్లు చివరి మ్యాచ్ ఒకరితో ఒకరు ఆడి అదే మైదానంలో నిలబడి ఉంటే పెనాల్టీ షూటౌట్. లేకపోతే కార్డుల లెక్క: పసుపుకు 1, రెండు పసుపులతో వచ్చిన ఎరుపుకు 3, నేరుగా ఎరుపైతే 3, పసుపు చూపించాక నేరుగా ఎరుపు ఇస్తే 4. ఎవరికి తక్కువుంటే వాళ్లు పైన. ఆఖరికి చీటీ. కార్డుల దాకా ఎక్కడ వస్తుందిలే అనుకోకండి. 2018 ప్రపంచకప్‌లో సెనెగల్ కన్నా రెండు పసుపు కార్డులు తక్కువ ఉన్నందుకే జపాన్ ముందుకెళ్లింది.

ఇప్పుడు అసలు ఉచ్చు. మూడు జట్లకు పాయింట్లు సమానమైతే ఏం చేయాలి? ఇక్కడ జనం చేసే పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండేసి జట్లను తీసుకుని జతలు జతలుగా పోలుస్తారు. ‘వీడు వాణ్ని ఓడించాడు, వాడు ఇంకొకణ్ని ఓడించాడు, కాబట్టి వీడే ఫస్టు.’ ఆ ఇంకొకడు వీణ్ని ఓడించి ఉంటే? గానుగెద్దులా అక్కడే తిరుగుతుంటారు.

జతలు వద్దు. మూడింటినీ ఒకేసారి పక్కకు తీసి చిట్టి పట్టిక వేయాలి. ఆ మూడింటి మధ్య జరిగిన మూడు మ్యాచ్‌లే అందులో ఉండాలి. నాలుగో జట్టుతో ఆడినవి చెరిపేయాలి. మళ్లీ చెబుతున్నాను, చెరిపేయాలి. ‘కాస్త పక్కన పెట్టుకుని తర్వాత చూద్దాం’ కాదు. ఆ మ్యాచ్‌లు అసలు జరగనట్టే.

దీనికి పిల్లల టోర్నీల్లో దొరికే ఉదాహరణలకన్నా పెద్దవాళ్లది ఒకటి బ్రహ్మాండంగా ఉంది కాబట్టి అదే తీసుకుంటున్నాను. 2004 యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్ కప్), గ్రూప్ సి. అక్కడా ముఖాముఖే ముందు. ఇటలీ, డెన్మార్క్ 0-0. ఇటలీ, స్వీడన్ 1-1. బల్గేరియాను స్వీడన్ 5-0తో, డెన్మార్క్ 2-0తో ఓడించాయి. చివరి రోజుకు స్వీడన్ 4, డెన్మార్క్ 4, ఇటలీ 2. ఆ సాయంత్రం స్వీడన్, డెన్మార్క్ ఒక మైదానంలో. ఇటలీ, బల్గేరియా ఇంకో మైదానంలో. రెండు జట్లు ముందుకెళతాయి.

స్వీడన్, డెన్మార్క్ డ్రా చేసుకుని, ఇటలీ గెలిస్తే మూడింటికీ 5. చిట్టి పట్టిక వేయండి. బల్గేరియా మ్యాచ్‌లు మూడూ చెరిపేశారా? స్వీడన్ 5-0 కూడా పోయిందా? మంచిది. మిగిలిన మూడు మ్యాచ్‌లూ డ్రాలే కాబట్టి తలా 2 పాయింట్లు, తలా తేడా సున్నా. ఇక కొట్టిన గోల్స్. ఇటలీకి ఒకటే, అది మారదు. స్వీడన్‌కు అప్పటికే 1 ఉంది, డెన్మార్క్‌కు 0. వాళ్లిద్దరి మ్యాచ్ 2-2 అయిందనుకోండి: స్వీడన్ 3, డెన్మార్క్ 2, ఇటలీ 1. ఇటలీ ఇంటికి. బల్గేరియాపై 1-0తో గెలిచినా ఇంటికే, 10-0తో గెలిచినా ఇంటికే. ఎందుకంటే ఆ మ్యాచ్ చెరిగిపోయింది!

మ్యాచ్‌కు ముందే ఇటలీ వాళ్లకు ఈ సంగతి తెలుసు, టెన్షన్ అంతా అందుకే. 89వ నిమిషంలో స్వీడన్ సమం చేసింది. సరిగ్గా 2-2. అటు గుయిమరాయిష్‌లో కసానో ఇంజరీ టైమ్‌లో గోల్ కొట్టి ఇటలీని 2-1తో గెలిపించి, చేతులు చాపి బెంచి వైపు పరుగెత్తాడు. అవతలి స్కోరు తెలిసి మొహం మాడిపోయింది. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు చిట్టి పట్టికే గుర్తొస్తుంది.

చిట్టి పట్టికలో ఇంకొక మెలిక. మూడింటిలో ఒక జట్టు విడిపోయి రెండు ఇంకా సమానంగా మిగిలితే, వెంటనే గ్రూప్ గోల్ తేడాకు దూకకూడదు. ఆ రెండింటికే మళ్లీ ముఖాముఖి మొదటినుంచి చూడాలి. మొదటి చిట్టి పట్టికలోంచి విడిపోయిన జట్టును కూడా రబ్బరుతో తుడిచేయాలి. పెన్సిల్ ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా? ఆ రెండింటి మ్యాచ్ కూడా అన్ని విధాలా సమానమైతేనే పెద్ద పట్టిక దగ్గరకు రండి, బల్గేరియా అప్పుడే మళ్లీ బతుకుతుంది.

ఇంత చాదస్తం ఎందుకంటారా? చాలా ఏళ్ల కింద ఒక జిల్లా స్థాయి అండర్-14 టోర్నీలో నేను స్కోరు టేబుల్ దగ్గర కూర్చున్నాను. మూడు జట్లు సమానమయ్యాయి. నిర్వాహకులు రెండు నిమిషాల్లో గోల్ తేడా తీసి ఒక జట్టును ఫైనల్‌కు పంపేశారు. రూల్స్ కాగితం మా షామియానా గుంజకే అంటించి ఉంది, దాని మీద మజ్జిగ మరక కూడా నాకు గుర్తు. మూడో పంక్తిలో ముఖాముఖి అని స్పష్టంగా రాసి ఉంది. అది నేను చదివేసరికి రెండో జట్టు పిల్లలు బూట్లు తాళ్లతో మెడలో వేసుకుని బస్సెక్కేశారు. ఆపి దింపే ధైర్యం ఎవరికీ లేకపోయింది, నాతో సహా.

రెండో స్థానం సంగతి అడిగినవాళ్లకు: అది వచ్చే పాఠం. 2022లో సౌదీ చేతిలో 1-2తో ఓడి రెండో స్థానంలో ఉన్న మన అండర్-17 జట్టు ఆసియా కప్‌కు వెళ్లింది. 2024లో రెండో స్థానంలో ఉండి వెళ్లలేదు. 2025లో అసలు రెండో స్థానానికి బెర్తే లేదు. 16 జట్లలో 9 ముందే ఖాయమై, మిగిలిన 7 స్థానాలు ఏడు గ్రూపుల విజేతలకే పోయాయి. మూడుసార్లు మూడు రకాలు. దాన్ని ఇందులో కలిపితే మళ్లీ ఎక్సెల్ షీట్లు వస్తాయి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే, సారీ. 2004 గ్రూపే తీసుకోండి, రూలు మాత్రం పైన నేను చెప్పిన ఏఎఫ్‌సీ వరస. స్వీడన్, డెన్మార్క్ మ్యాచ్ 0-0 అయితే, 1-1 అయితే, 3-3 అయితే ఏమవుతుందో మూడు చిట్టి పట్టికలు వేయండి. ప్రతిదాంట్లోనూ ఇటలీ బల్గేరియాపై గెలిచిందనుకోండి. 1-1 దగ్గర ఆగి జాగ్రత్తగా చూడండి: అక్కడ ఇటలీ 2-0తో గెలిస్తే ఎవరు వెళతారు, 3-1తో గెలిస్తే ఎవరు వెళతారు? రెండూ రెండు గోల్స్ తేడాయే, జవాబు మాత్రం ఒకటి కాదు. ఒకదానికి కార్డుల లెక్క కావాల్సి వస్తుంది. అక్కడ షూటౌట్ ఎందుకు పెట్టరో కూడా ఒక వాక్యంలో రాయండి. కాగితం మీద పెన్సిల్‌తో వేసి ఫోటో తీసి పంపండి. ఎక్సెల్ పంపితే తెరవను.