గీజర్ మూత విప్పే ముందు

నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతున్నా, గంటసేపు వేసినా గోరువెచ్చన దాటకపోయినా అందరం ముందు నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌నే అనుమానిస్తాం. సరే, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• స్విచ్ ఆపితే చాలదు. వైరింగ్ తారుమారై ఉంటే స్విచ్ న్యూట్రల్‌ని మాత్రమే తెంచుతుంది, లోపల ఫేజ్, అంటే షాక్ కొట్టే కరెంటు వైరు, అలాగే ఉంటుంది. కరెంటు బోర్డులో ఎంసీబీ (గీజర్ లైనుకున్న బ్రేకర్ స్విచ్) దించి, ప్లగ్ కూడా పీకేయండి. గీజర్‌లో కరెంటు లేదని చూసుకునే టెస్టర్ పనిచేస్తోందో లేదో, దాన్ని ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి చూడండి. మా ఇంట్లో ఒకసారి గీజరు కాదు, టెస్టరే పోయింది!

• ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయా? 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి.

• మన విశాఖలో, బీచ్‌కి దగ్గరున్న ఇళ్లలో మరీనూ, ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. బలవంతంగా తిప్పితే తల అరిగిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి.

• నీళ్లు చల్లారాయా? నేల పొడిగా ఉందా? కాళ్లకు రబ్బరు చెప్పులు?

• వైర్లు తీసేముందు ఫోన్‌లో ఫొటో.

• కటౌట్ (మరీ వేడెక్కితే కరెంటు ఆపేసేది) బటన్ బయటికొచ్చి ఉంటే ఒక్కసారి నొక్కి చూడొచ్చు. మళ్లీ బయటికొస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే. దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలపడం మాత్రం ఆత్మహత్యే.

• పని అయ్యాక వేడినీళ్ల కుళాయిలో ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయండి. ఖాళీ ట్యాంకులో నీళ్లు కాచే ఎలిమెంట్ కాలిపోతుంది.