పంటల జీనోమ్, తెగుళ్ల జీనోమ్ – పాఠం 3: ఒక్క బీజం నుంచి కల్చర్

క్రితం పాఠంలో చోడి (రాగి) ఆకు మీద అగ్గి తెగులు మచ్చను గుర్తుపట్టాం: కండె ఆకారం, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు. ఇప్పుడు ఆ మచ్చలోంచి ఒకే సిద్ధబీజాన్ని (శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే సూక్ష్మ కణం; ఇక్కడ బీజమంటే ఇదే) వేరుచేసి, ప్లేటులో కల్చర్‌గా పెంచుదాం.

డీఎన్‌ఏ తీసే ముందే ఈ శ్రమ పడాలి. ఒకే మచ్చలో అగ్గి తెగులు శిలీంధ్రమైన మాగ్నపోర్తే రెండు మూడు రకాలు ఉండొచ్చు. ఈ శిలీంధ్రం ఏకస్థితికం, అంటే క్రోమోజోములు ఒకే జట్టు: 7 క్రోమోజోములు, సుమారు 4 కోట్ల బేస్ జంటలు. చోడి చతుస్థితికం, అంటే నాలుగు జట్లు, 36 క్రోమోజోములు. అక్కడ ఒకే స్థానంలో రెండు వేర్వేరు డీఎన్‌ఏ అక్షరాలు చదవడం మామూలే. శిలీంధ్రంలో చాలాచోట్ల అలా వస్తే కల్చర్ కలిసిపోయిందని ముందు అనుమానించండి.

పీసీఆర్‌లో (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పద్ధతి) ఈ కలగాపులగం అసలు బయటపడదు. వరిలోని పై-టా నిరోధక జన్యువు పసిగట్టేది శిలీంధ్రంలోని ఏవీఆర్-పైటా అనే జన్యువును. ఈ ఏవీఆర్-పైటా క్రోమోజోము కొసకు దగ్గర్లో ఉంటుంది. తెగిపోతుంది, లేదా గెంతుడు డీఎన్‌ఏ (జీనోమ్‌లో చోటు మారే ముక్క) చొరబడి చెడిపోతుంది. దాన్ని పోగొట్టుకున్న రకంతోపాటు నిలుపుకున్న రకం కూడా ఉంటే పీసీఆర్ ఫలితంలో ఆ జన్యువు ఉందని చూపే గీత (బ్యాండ్) యథాప్రకారం వస్తుంది. మనం వెతుకుతున్న మార్పే కళ్లముందు దాగిపోతుంది.

పాడేరు వైపు నుంచి నమూనాలు తెచ్చేవాళ్లు ప్లాస్టిక్ కవరు వాడొద్దు. ఘాట్ దిగి విశాఖ చేరేలోపే ఆకు చెమర్చి, వేరే బూజులు పడతాయి. కాగితపు కవరు చాలు. మచ్చతోపాటు కాస్త పచ్చ భాగం వచ్చేలా 1 సెం.మీ. ముక్క కోసి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 30 సెకన్లు ముంచి, శుద్ధమైన నీటిలో మూడుసార్లు కడగండి. పెట్రీ ప్లేటులో తడి వడపోత కాగితం పరిచి, ముక్కను గాజు స్లైడు మీద ఉంచి, 25–28 డిగ్రీల్లో 24 నుంచి 48 గంటలు వదిలేయండి. ముక్క నీటిలో మునిగితే బాక్టీరియాదే రాజ్యం.

బూడిద రంగు నూగును సన్నని సూదితో తాకి 1 మి.లీ. శుద్ధమైన నీటిలో కలపండి. 100 మి.లీ. నీటికి 2 గ్రాముల అగార్ (గడ్డకట్టించే పొడి) వేసి, 121 డిగ్రీల్లో 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో శుద్ధిచేసి), ప్లేట్లలో పలచగా పోసి ఉంచుకోండి. దాని మీద బీజాలు కలిపిన నీటిని 100 మైక్రోలీటర్లు పరచండి. 10ఎక్స్ లెన్సు కింద చూపుకు ఒకటో రెండో బీజాలే కనబడాలి; గుంపుగా ఉంటే ఇంకా పలచన చేయాలి.

ఆరేడు గంటల తర్వాత ప్లేటును తిరగేసి చూడండి. బేరిపండు ఆకారం, రెండు అడ్డుగోడలు, మూడు గదులు, రంగు దాదాపు లేనట్టే: అదే మనది. ముదురు గోధుమ రంగులో, అడ్డంగానూ నిలువుగానూ గోడలుంటే అది ఆల్టర్నేరియా అనే వేరే శిలీంధ్రం, వదిలేయండి. మొలకెత్తిన బీజం చుట్టూ ప్లేటు అడుగున మార్కర్‌తో సున్నా చుట్టి, కాల్చి చల్లార్చిన సూదితో ఆ చిన్న అగార్ ముక్కను ఓట్‌మీల్ అగార్ మీదికి మార్చండి. మర్నాటిదాకా ఆగితే పక్కపక్క బీజాల తంతువులు అల్లుకుపోతాయి. పడ్డ శ్రమంతా వృథా.

ఓట్‌మీల్ అగార్ 50 డిగ్రీలకు చల్లారాక లీటరుకు 100 మి.గ్రా. స్ట్రెప్టోమైసిన్ (బాక్టీరియాను అడ్డుకునే మందు) కలపండి. వేడిగా ఉండగానే కలిపితే మందు పనిచేయదు.

కల్చర్‌ను ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే బీజాలివ్వడం తగ్గుతుంది, తెగులు కలిగించే శక్తీ సన్నగిల్లుతుంది. అందుకే మొదటి ప్లేటులోనే శుద్ధిచేసిన వడపోత కాగితం ముక్కలు వేసి, వాటి మీద శిలీంధ్రం పాకాక ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. కవరులో సిలికా జెల్ తప్పనిసరి.

వచ్చే పాఠంలో డీఎన్‌ఏ తీస్తాం. అప్పటికి ఒక్కో మచ్చ నుంచి కనీసం మూడు విడివిడి కల్చర్లు, వాటి మీద తేదీ, ఊరు, పంట రకం రాసి సిద్ధంగా ఉంచుకోండి.