ఫోన్‌లో టైమ్ తప్పుగా చూపిస్తోందా? గంటలు మార్చకండి, ముందు టైమ్ జోన్ చూడండి

ఫోన్‌లో టైమ్ తేడాగా ఉందనగానే చాలామంది సెట్టింగ్స్‌లోకి వెళ్లి గంటలు, నిమిషాలు చేత్తో మార్చేస్తారు. అప్పటికి సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, సగం తలనొప్పులు అక్కడే మొదలవుతాయి. ఎందుకంటే ఫోన్‌లో టైమ్ వేరు, ఏ దేశం సమయం చూపించాలో చెప్పే టైమ్ జోన్ వేరు. ఫోన్ లోపల లెక్కపెట్టేది ప్రపంచమంతా ఒకేలా ఉండే యూటీసీ సమయం. మనం ఇండియాలో ఉన్నామని జోన్ చెబితే దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపి స్క్రీన్ మీద చూపిస్తుంది. తప్పు ఈ రెండిట్లో ఎక్కడుందో తెలియకుండా చెయ్యి పెట్టకూడదు.

తెలుసుకోవడం తేలికే. ఇంట్లో సరైన టైమ్ చూపిస్తున్న ఇంకో ఫోన్ తెచ్చి పక్కన పెట్టండి. తేడా సరిగ్గా గంటో, గంటన్నరో, రెండున్నరో అయితే తప్పు జోన్‌ది. ఏడు నిమిషాలు, ఇరవై మూడు నిమిషాలు ఇలా అడ్డదిడ్డంగా ఉంటే ఎవరో చేత్తో మార్చారు. సరిగ్గా పన్నెండు గంటలైతే ఏఎం, పీఎం తారుమారయ్యాయి. 15:30 అని కనిపిస్తే అది తప్పే కాదు, 24 గంటల పద్ధతి ఆన్ అయింది, ఆఫ్ చేస్తే చాలు.

తేడా సరిగ్గా గంటన్నర లేదా రెండున్నర గంటలు

మన కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు వైపు ఎక్కువగా కనిపించేది ఇదే. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన ఫోన్‌లో అక్కడి జోన్ అలాగే ఉండిపోతుంది. దుబాయ్, మస్కట్ టైమ్ మనకంటే గంటన్నర వెనక, కువైట్, ఖతార్, బహ్రెయిన్, సౌదీ రెండున్నర గంటలు వెనక. తేడా చూస్తే ఆ ఫోన్ ఏ దేశం జోన్‌లో ఉందో చెప్పేయొచ్చు. ముఖ్యంగా సిమ్ వేయకుండా వైఫై మీద వాడే ఫోన్లలో ఇది వస్తుంది. ఇంటర్‌నెట్ నుంచి సరైన సమయం అందుతుంది గానీ, మనం ఏ జోన్‌లో ఉన్నామో అందులో ఉండదు. మామూలుగా ఆ సంగతి చెప్పేది మొబైల్ టవర్. సిమ్ ఏ దేశానిదన్నది కాదు, టవర్ ఏ దేశానిదన్నదే లెక్క.

ఇలాంటి ఫోన్‌లో గంటలు చేత్తో ముందుకు జరిపితే ఏమవుతుందో చూడండి. రొయ్యల చెరువు చేసే మా బంధువు ఒకాయనకి కువైట్ నుంచి తమ్ముడు ఫోన్ తెచ్చిచ్చాడు. జోన్ సంగతి తెలియక ఈయన టైమ్ రెండున్నర గంటలు ముందుకి మార్చుకుని వాడుకుంటున్నాడు. గడియారం సరిగ్గానే కనిపిస్తోంది, కానీ వాట్సాప్‌లో అప్పుడే వచ్చిన మెసేజ్ కూడా రెండున్నర గంటల క్రితం వచ్చినట్టు చూపిస్తోంది. అది చూసి వాళ్లబ్బాయి ఒక రాత్రి ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేశాడు. జోన్ మాత్రం కువైట్‌లోనే ఉండిపోయింది. దాంతో గడియారం రెండున్నర గంటలు వెనక్కి పోయింది, ఎవరూ గమనించలేదు. ఏరేటర్లు, అంటే చెరువు నీళ్లలో గాలి కలిపే మోటార్లు, వేయడానికి రాత్రి రెండు గంటలకి పెట్టుకున్న అలారం తెల్లవారుజామున నాలుగున్నరకి మోగింది. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా తెల్లవారే ముందే. ఆయన గట్టు మీదకి వెళ్లేసరికి రొయ్యలు పైకి తేలుతున్నాయి. వెంటనే మోటార్లు వేసి ఎలాగో గట్టెక్కారు గానీ, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

కాబట్టి వరస తప్పకండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డేట్ అండ్ టైమ్. సామ్‌సంగ్ అయితే ఇది జనరల్ మేనేజ్‌మెంట్‌లో ఉంటుంది. ఎక్కడుందో దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే చోట టైమ్ అని కొట్టండి. ముందు ఆటోమేటిక్ టైమ్ జోన్, తర్వాత ఆటోమేటిక్ టైమ్, రెండూ ఆన్ చేయాలి, ఒకటి చేసి వదిలేస్తే పైన చెప్పిన కథే. అప్పటికీ జోన్ మారకపోతే ఆటోమేటిక్ జోన్ ఆఫ్ చేసి, ఇండియా ఎంచుకుని, కోల్‌కతా, జీఎంటీ+05:30 పెట్టండి (ఇక్కడ జీఎంటీ అన్నా, పైన చెప్పిన యూటీసీ అన్నా ఒకటే). కోల్‌కతా అని చూసి కంగారు పడకండి, దేశమంతటికీ ఒకటే టైమ్. నిజానికి మన టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం పోయేది కాకినాడ దగ్గర్లోంచే.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, డేట్ అండ్ టైమ్‌లో సెట్ ఆటోమేటికల్లీ ఆన్ చేయాలి. ఆన్‌లో ఉన్నా జోన్ తప్పుగానే ఉంటే లొకేషన్ సర్వీసెస్‌లో సిస్టమ్ సర్వీసెస్‌కి వెళ్లి సెట్టింగ్ టైమ్ జోన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అసలు ఆ బటన్ నొక్కడానికే రాకపోతే స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ అడ్డం పడుతుండొచ్చు, లేదా అది కంపెనీ ఇచ్చిన ఫోనైతే వాళ్లు లాక్ చేసి ఉండొచ్చు.

తేదీయే తప్పు

బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా కనెక్షన్ ప్రైవేట్ కాదనో, మీ గడియారం వెనకబడిందనో వస్తుంటే, వాట్సాప్ తేదీ సరిచేసుకోమంటుంటే, నెట్‌ని తిట్టుకునే ముందు తేదీ చూడండి. సైట్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ ప్రతిదానికీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది, ఫోన్ తేదీ దానికి బయట ఉంటే నమ్మదు. బ్యాంకు యాప్‌లు మొండికేసేదీ చాలాసార్లు ఇందుకే. ఛార్జింగ్ పూర్తిగా అయిపోయి చాన్నాళ్లు పక్కన పడున్న ఫోన్లలో తేదీ 1970 జనవరి 1కి పోవడం మామూలే, సిగ్నల్ అందాక సర్దుకుంటుంది. తేదీ ముందుకు పోయి ఉంటే ఇంట్లో పిల్లల్ని అడగండి. గేముల్లో లైఫ్‌లు అయిపోతే తేదీ ముందుకు జరిపి మళ్లీ తెచ్చుకునే అలవాటు చాలామందికి ఉంది. కోప్పడక్కర్లేదు, ఆటోమేటిక్ ఆన్ చేసేయండి.

లాగిన్ అయ్యేటప్పుడు కొట్టే ఆరంకెల కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ వాడేవాళ్లకి ఒక నిమిషం తేడా కూడా ఎక్కువే, ఆ కోడ్ 30 సెకన్లకొకసారి మారుతుంది. చేత్తో పెట్టిన టైమ్‌తో అది ఎప్పటికీ కుదురుగా ఉండదు.

రెండు ఆటోమేటిక్‌లూ ఆన్‌లోనే ఉన్నా తప్పుగా ఉంటే, ఫ్లైట్ మోడ్ ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చేయండి, కుదరకపోతే ఫోన్ ఆపి మళ్లీ వేయండి. స్విచాఫ్ చేసిన ప్రతిసారీ తేదీ పోతుంటే మాత్రం అది సెట్టింగ్స్‌తో తేలదు, బ్యాటరీయో బోర్డో చూపించుకోవాల్సిందే.

టైమ్ సరయ్యాక అలారాలన్నీ ఒకసారి తెరిచి చూసుకోండి. తప్పు తేదీతో తీసిన ఫొటోలుంటే గూగుల్ ఫొటోస్‌లో వాటి తేదీ మార్చుకోవచ్చు. మనిషి కువైట్‌లో ఉన్నారు, అక్కడ ఇప్పుడెంతయిందో చూసుకోవాలి అనుకుంటే దానికోసం జోన్ మార్చకుండా, క్లాక్ యాప్‌లో వరల్డ్ క్లాక్‌కి వెళ్లి కువైట్ సిటీ చేర్చుకోండి. మనకి రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఆరున్నర, రెండూ ఒకే చోట కనిపిస్తాయి.