ఆల్బమ్ సూచించేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి

ప్రస్తుతం వింటున్న ఆల్బమ్‌ను తోటి సంగీతప్రియులకు సూచించేటప్పుడు, పేరు చెప్పి ఊరుకోకుండా, దేనితో మొదలుపెట్టాలో, ఏమి గమనించాలో కూడా రెండు వాక్యాల్లో తెలియజేయడం మేలు. ఉదాహరణకు, ఇళయరాజా 1986లో వెలువరించిన ‘హౌ టు నేమ్ ఇట్’ వినమని మాత్రమే అంటే, ఆయన సినిమా పాటల వంటివి ఆశించినవారు నిరాశపడవచ్చు. అదే, అది త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన వాద్యసంగీతమని, ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’తో ప్రారంభించి వయొలిన్ల నడకను గమనించమని చెబితే, వినేవారి చెవి ముందుగానే సిద్ధపడుతుంది. ‘అద్భుతం’ అన్న ఒక్క మాట వల్ల, నా దృష్టిలో, ఎవరికీ ఏమీ తెలియదు. స్వరకర్త కూర్చిన వరుసలోనే ఆల్బమ్ వినడం ముఖ్యమనిపిస్తే, యాప్‌లో షఫుల్ ఆపమని కూడా గుర్తుచేయండి.