వేటపక్షుల పరిశీలన – 4వ పాఠం: ముక్కును కాదు, కాళ్లను చూడండి

ఎగిరే పక్షిని రెక్కలను బట్టి, తోకను బట్టి పోల్చుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు అది ఎలా వేటాడుతుందో, ఎలా తింటుందో చూద్దాం. వేటపక్షి అనగానే అందరి చూపూ వంకర ముక్కు మీదికే పోతుంది గాని, గద్దలూ డేగలూ చాలావరకు గోళ్లతోనే చంపుతాయి. ముక్కు చీల్చుకు తినడానికి. బైరి (ఫాల్కన్) తీరు వేరు: కాళ్లతో పట్టినా, పైముక్కు అంచున ఉన్న పంటి వంటి మొనతో మెడ కొరికి ప్రాణం తీస్తుంది.

పెన్నా ఆయకట్టులో వరికోతలు అయ్యాక, పొద్దున్నే గట్టు మీద నిలబడి కరెంటు తీగల వెంబడి చూడండి. కాకి కన్నా చిన్నదిగా, బూడిదరంగు వీపు, తెల్లని పొట్ట, భుజాన నల్లమచ్చ, ఎర్రని కళ్లతో కనిపించేది అడవి రామదాసు. అది కోసిన వరి మొదళ్ల పైకి వచ్చి రెక్కలాడిస్తూ గాలిలో ఒకేచోట నిలుస్తుంది. ఒళ్లంతా ఊగుతున్నా తల మాత్రం కదలదు. ఆ తరువాత రెక్కలు పైకెత్తి, కాళ్లు వేలాడదీసి, మెట్లు దిగినట్టు ఆగి ఆగి దిగి, చివరి బారెడు దూరంలో ఎలుక మీద పడుతుంది. కాళ్లు కిందికి జార్చే ఆ క్షణాన్ని పట్టుకోవడమే ఈ పాఠంలోని అసలు విద్య.

పట్టిన ఎలుకను స్తంభం మీదికో చెట్టు మీదికో తీసుకుపోయి, కాలికింద తొక్కిపట్టి తింటుంది. అరగని భాగాన్ని ఉండలా చుట్టి కక్కుతుంది కనుక ఆ స్తంభం మొదట్లో తప్పక వెతకండి. అలాంటి ఉండను నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పినప్పుడు నాకు దొరికింది దాదాపు అంతా బూడిదరంగు బొచ్చు, నారింజరంగు తిరిగిన ఎలుకపన్ను ఒక్కటి. గుడ్లగూబ ఉండలోనైతే పుర్రెతో సహా ఎముకలు మిగులుతాయి. పగటి వేటపక్షుల కడుపులోని ఆమ్లం ఘాటైనది కావడంతో ఎముకలు చాలావరకు కరిగిపోతాయి.

చెరువు దగ్గర, కృష్ణపట్నం వైపు ఉప్పుటేరుల దగ్గర, చలికాలంలో వలస వచ్చే కొరమీను గద్దను చూడవచ్చు. అది కాళ్లు ముందుకు చాచి నీళ్లలోకే దూకుతుంది. జారే చేపను పట్టడానికి దాని అరికాళ్లు ముళ్లతో గరుకుగా ఉంటాయి, బయటి వేలు వెనక్కి తిరుగుతుంది. చేప తలను ముందుకు తిప్పి గాలికి ఎదురులేకుండా మోసుకుపోతుంది. గరుడపక్షి అలా మునగదు. నీటిపైన తేలినదాన్ని గోళ్లతో ఎత్తుకుని, తరచుగా ఎగురుతూనే తినేస్తుంది. రొయ్యల గుంటల దగ్గర, పడవల రేవుల్లో చచ్చిన చేపలనూ వదలదు.

అభ్యాసం: వారం రోజులు ఒకే గట్టు మీద, ఒకే వేళకు, గంటసేపు కూర్చోండి. అడవి రామదాసు ఎన్నిసార్లు కాళ్లు జార్చింది, ఎన్నిసార్లు ఉత్తచేతులతో లేచింది విడివిడిగా రాయండి. గూడు ఉన్న చెట్టు దగ్గరికి మాత్రం పోవద్దు. ఉండలను విప్పాక చేతులు సబ్బుతో కడుక్కోండి.