రీమ్యాప్‌కు ముందు స్విర్ల్ ఫ్లాప్‌ల సంగతి చూడండి

ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడమే రీమ్యాప్. కానీ బీఎండబ్ల్యూ ఎం47, ఎం57 డీజిల్ ఇంజన్లలో అసలు ప్రమాదం స్విర్ల్ ఫ్లాప్‌లే; సిలిండర్లకు గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఆ గాలిని సుడి తిప్పే చిన్న రేకులివి. ఏళ్ల తరబడి అదిరి ఇరుసు అరుగుతుంది; ఫ్లాపో, దాని చిన్న స్క్రూనో ఊడి సిలిండర్‌లో పడితే పిస్టన్, వాల్వులు పోయినట్టే.

ఇంజన్ చల్లారాక మానిఫోల్డ్ విప్పండి. ఫ్లాప్‌ల స్క్రూలు లెక్కపెట్టండి. ఒక్కటి తక్కువైనా ఇంజన్ తిప్పొద్దు, ముందు బోర్‌స్కోప్‌తో (సన్న గొట్టం కెమెరా) సిలిండర్లు చూడాలి.

ఫ్లాప్‌లు తీసేసి ఆ రంధ్రాలు మూయడానికి నాలుగు సిలిండర్లకు 4, ఆరింటికి 6 అల్యూమినియం బ్లాంకింగ్ ప్లేట్లు కావాలి. వీటిలో 22, 33 మి.మీ. సైజులున్నాయి; రంధ్రం కొలిచాకే కొనండి. ప్లేట్ల ఓ-రింగులకు (రబ్బరు సీళ్లు) కాస్త నూనె రాయండి. పాత గ్యాస్కెట్లు మళ్లీ వాడటం పిసినారితనమే. ఫ్లాప్‌లను కదిపే వాక్యూమ్ గొట్టాన్ని బిగుతుగా మూయకపోతే టర్బో బూస్ట్ తగ్గుతుంది. ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వ్యవస్థ) మసి కూడా అప్పుడే గీకేయండి.

రీమ్యాప్ ఆ తర్వాతే.