ఉద్యోగ ఇంటర్వ్యూలో ఎలా నడుచుకోవాలి?

కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సి పోస్టులకూ, గెజిటెడ్ కాని గ్రూప్-బి పోస్టులకూ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలను తొలగించింది. దాంతో పోటీ పరీక్షల చదువులో ఏళ్లు గడిపిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువత పైడిభీమవరం మందుల కంపెనీకో, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌కో, విశాఖపట్నానికో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, రాతపరీక్షకు అలవాటుపడిన తెలివి నోట పలకక ఇబ్బంది పడుతుంటారు. చేసిన పనిని చేసినట్టు చెప్పగలిగితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుందని నా నమ్మకం.

ముందురోజే పత్రాలు సిద్ధం చేసుకోవాలి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, ఫొటోలు వరుసగా ఒక ఫైలులో పెట్టుకోవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే ఆ తేడాను ముందే గమనించి, అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పాలి. ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోవాలి. ఉద్యోగం ఇప్పిస్తామంటూ డబ్బు కట్టమన్నవారి మాట నమ్మవద్దు.

రైలులో వెళ్లేవారు శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉందనీ, పట్నం నుంచి అక్కడికి చేరడానికే ఆటోలోనో బస్సులోనో కొంత సమయం పడుతుందనీ లెక్కలో వేసుకోవాలి. చెప్పిన వేళకు అరగంట ముందే గేటు దగ్గర ఉండడం మంచిది. ఇస్త్రీ చేసిన సాదా దుస్తులు చాలు.

అనుమతి అడిగి లోపలికి వెళ్లి, గదిలో ఉన్న అందరికీ నమస్కరించి, కూర్చోమన్న తర్వాత కూర్చోవాలి. ప్రశ్న ఎవరు అడిగితే వారి వైపు చూసి జవాబివ్వాలి. బోర్డులో మహిళ ఉన్నప్పుడు ఆమె అడిగిన ప్రశ్నకు పక్కనున్న మగవారివైపు చూసి బదులివ్వడం మర్యాద అనిపించుకోదు.

‘మీ గురించి చెప్పండి’ అనగానే తండ్రి పేరు, ఊరు, అన్నదమ్ముల సంఖ్య అప్పజెప్పడం మనవారిలో బలంగా ఉన్న అలవాటు. వాటికి బదులుగా ఏం చదివారో, ఏ పని చేసి చూశారో, ఈ ఉద్యోగం ఎందుకు కోరుతున్నారో నాలుగైదు వాక్యాల్లో చెప్పాలి. ఇంగ్లిషులో ఆగిపోతే, మిగతాది తెలుగులో చెప్పవచ్చా అని అడగడంలో తప్పు లేదు. మన యాసను దాచబోతే ధ్యాసంతా ఉచ్చారణ మీదకు పోయి విషయం జారిపోతుంది కాబట్టి, స్పష్టంగా, నింపాదిగా మన మాటలోనే మాట్లాడడం మేలు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే ప్రశ్నల్లో ఉంటుంది. క్వాలిటీ కంట్రోల్ విభాగానికి వెళ్లిన కెమిస్ట్రీ చదివిన అబ్బాయిని టైట్రేషన్ (తెలిసిన గాఢత ఉన్న ద్రావణంతో మరో ద్రావణం గాఢతను కనుక్కునే పద్ధతి) గురించి అడిగారనుకుందాం. నిర్వచనం చెప్పి ఊరుకుంటే, ల్యాబ్‌లో చేశాడో లేదో వారికి తెలియదు. బ్యూరెట్‌ను (కొలత గీతలున్న గాజు గొట్టాన్ని) నీటితో కడిగాక, మిగిలిన నీటి వల్ల గాఢత తగ్గకుండా నింపబోయే ద్రావణంతో మరోసారి కడిగానని, ఫ్లాస్కులోని ఆమ్లంలో రంగు మార్పుతో ముగింపు తెలిపే ఫినాఫ్తలీన్ వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌ను చివర్లో చుక్కచుక్కగా వదులుతూ లేత గులాబీ రంగు నిలిచిన చోట ఆపానని, కంటిని ద్రవమట్టానికి సమంగా ఉంచి రీడింగ్ తీశానని చెబితే, ఆ చేతులు పని చేశాయని వారికి అర్థమవుతుంది. పొటాషియం పర్మాంగనేట్ ముదురు రంగులో ఉండడం వల్ల రీడింగ్‌ను పై అంచు వద్ద తీస్తారన్న చిన్న విషయం కూడా, చేసినవారి నోట సహజంగా వస్తుంది. ఏ చదువువారైనా తమ ప్రాజెక్టు నుంచి ఇలాంటి పని ఒకటి ఎంచుకుని, ఇంట్లోవారి ఎదుట రెండుమూడుసార్లు పైకి చెప్పి చూసుకోవాలి.

తెలియని ప్రశ్న వస్తే ‘ఈ పరికరాన్ని చూశాను, నడపలేదు’ అన్నంత కచ్చితంగా చెప్పాలి. చేయని పనిని చేశానంటే తర్వాతి ప్రశ్నలోనే దొరికిపోతారు. అప్పుడు అంతకుముందు చెప్పిన నిజాలమీద కూడా అనుమానం పడుతుంది.

రాత్రి షిఫ్టు గురించి ఇంట్లో ముందే మాట్లాడుకుని వెళ్లాలి. కంపెనీ బస్సు మీ ఊరి దారిలో ఎంతవరకు వస్తుందో నిస్సంకోచంగా అడగాలి. ముఖ్యంగా అమ్మాయిలు ఇది అడగకుండా ఒప్పుకోకూడదు.

జీతం మాట వారు ఎత్తిన తర్వాత, సీటీసీతో (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చుతో) పాటు నెలకు చేతికి ఎంత వస్తుందో వినయంగా అడగాలి. మూలవేతనం, కరువుభత్యంపై సాధారణంగా 12 శాతం పీఎఫ్‌కు (భవిష్యనిధికి), నెల వేతనం రూ. 21,000 దాటనివారికి 0.75 శాతం ఈఎస్ఐకి (ఉద్యోగుల బీమాకు) పోతుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటాను కూడా చాలాచోట్ల సీటీసీలోనే కలిపి చూపిస్తారు. అందువల్ల రెండు అంకెలూ తెలుసుకోకుండా గది అద్దె, ప్రయాణం లెక్క వేయలేరు.

లేచేముందు ధన్యవాదాలు చెప్పి, ఫలితం ఎప్పుడు, ఎలా తెలుస్తుందో అడగాలి. ఫైలులో పత్రాలన్నీ ఉన్నాయో లేదో బయట చూసుకోవాలి. వారు చెప్పిన గడువు దాటిన తర్వాత, పేరు, ఇంటర్వ్యూ తేదీ, పోస్టు చెప్పి ఒకసారి ఫోన్ చేయవచ్చు.